ఎర్రగడ్డ అంగడికాడ

పద్దెనిమిదో అంతస్తు మీద నిలబడి చూస్తే మనుషులందరిదీ ఒకటే కొలత. కారు దిగేవాడూ, ఆ కారు తుడిచేవాడూ ఇద్దరూ చీమలే. సత్తయ్యకు ఈ లోకంలో నచ్చిన సంగతులు బహు తక్కువ. వాటిలో ఇదొకటి.

గచ్చిబౌలిలో అద్దాల మేడలకు అద్దాలు తుడిపించే పని అతనిది. ఒకప్పుడు తానే నడుముకు తాడు బిగించుకుని గోడ వెంట దిగేవాడు. నలభై దాటి మోకాళ్లు మొరాయించాక, డాబా మీద కూర్చుని తాళ్లకు కాపలా కాసే సూపర్‌వైజర్ అయ్యాడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇదే పెద్ద హోదా అని కంపెనీ అనుకుంది. సత్తయ్య అనుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఆ అద్దాలు తళతళలాడేది తన వల్ల. ముందరి లిఫ్టు ఎక్కబోతే మాత్రం సెక్యూరిటీవాడు చెయ్యి అడ్డం పెట్టి వెనక లిఫ్టు చూపిస్తాడు. అలాంటివి అతని కడుపులో చాలా ఉన్నాయి. ఒక్కోటీ తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టుకునేవాడు.

కట్టుకున్నావిడ మూడేళ్లు కాపురం చేసింది. నీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం, గోడ తిరిగి తిట్టదు అని చెప్పి వెళ్లిపోయింది. కోర్టులో కాగితాలు కూడా అయిపోయి పద్నాలుగేళ్లు. అప్పటి నుంచి సత్తయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరైనా లేచి వెళ్లేలోపు తానే లేవాలి. ఫోన్‌లో అవతలివాళ్లు ఉంటాననేలోపు తానే పెట్టేయాలి. ఈ పద్ధతి వల్ల అతనికి మళ్లీ దెబ్బ తగల్లేదు. మూసాపేటలో ఒంటిగది కిరాయికి తీసుకుని, దెబ్బ తగలకుండా బతుకుతున్నాడు.

ఫోన్లో మనుషుల్ని వెతుక్కోవచ్చన్న సంగతి అతనికి అద్దం ఇవతలి నుంచే తెలిసింది. ఒకసారి మనిషి తక్కువై తానే తాడు మీద దిగాడు. పదకొండో అంతస్తు లోపల ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని అన్నం తింటోంది. ఒక చేతిలో చెంచా. రెండో చేతి బొటనవేలితో ఫోన్లో ముఖాలను తోస్తోంది. ఒకటి ఎడమకు, ఒకటి ఎడమకు, ఇంకొకటి ఎడమకు. ఆగింది. ఒకటి కుడికి. తోసి, చెంచా పక్కన పెట్టి, కిటికీ వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు సరిగ్గా సత్తయ్య ముఖం మీద పడింది. ఆమెకు అతను కనిపించలేదు. అద్దం తుడిచేవాడు లోపలివాళ్లకు ఎప్పుడూ కనిపించడు. అయినా ఆ నవ్వు చూసి అతని చేతిలో స్పాంజి ఆగిపోయింది.

కిందికి దిగి మెయింటెనెన్స్ ఆఫీసులో శ్రావణిని అడిగాడు. భీమవరం అమ్మాయి. పనివాళ్ల హాజరు రాసేది ఆవిడే.

"శ్రావణమ్మా, ఏందమ్మా గది? ముఖాలను గట్ల నూకుతున్నరు?"

"సంబంధాలండి సత్తయ్యగారూ. నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకి. అటు వాళ్లకీ మనం నచ్చితే మాట కలుస్తుంది. మా ఆయన నాకు అందులోనే దొరికాడండి."

"గింత అల్కగనా?"

"తేలిగ్గానా! ఆయన దొరికేలోపు నా బొటనవేలు అరిగిపోయిందండి బాబూ. ఇటివ్వండి మీ ఫోను."

వద్దు వద్దంటూనే ఇచ్చాడు. హెల్మెట్ పెట్టించి డాబా మీద నిలబెట్టి ఫొటో తీసింది. సత్తయ్య అని రాస్తే మరీ పెద్దాయన అనుకుంటారని పేరు 'సత్య' అని కత్తిరించింది. వయసు తగ్గించబోతే అతను ఒప్పుకోలేదు. "నలభై ఏడంటే నలభై ఏడే రాయి. గదన్న నిజముండనీ."

"మీ గురించి రెండు ముక్కలు చెప్పండి."

"ఓపిక తక్కువ. కోపం ఎక్కువ. ఉల్లిగడ్డ లేంది బువ్వ దిగది."

ఆవిడ నవ్వుకుంటూ 'ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగదు' అని రాసింది.

మూడు వారాలు గడిచాయి. అతను కుడికి తోసినవాళ్లెవరూ అతన్ని కుడికి తోయలేదు. ఇక్కడ కూడా వెనక లిఫ్టే అనుకున్నాడు. ఇక తీసేద్దామనుకున్న రోజు, డాబా మీద మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తుంటే ఫోన్ టింగుమంది.

రేణుక, నలభై మూడు. ముఖం లేదు. ఫొటోలో ఒక పెద్ద గంగాళం, అందులో గరిటె, గరిటె పట్టుకున్న చెయ్యి. మణికట్టు మీద కాలిన మచ్చ, చింతగింజంత. పేరు కింద చిన్న అక్షరాలు: ఒక కిలోమీటరు దూరంలో.

సత్తయ్య ఆ అక్షరాలు కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడి నుంచి కొండాపూర్ అంతా కనిపిస్తుంది. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, హాస్టళ్ల బోర్డులు, ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కిన ఇళ్లు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న కప్పులే. ఆ కప్పుల్లో ఒకదాని కింద, ఇప్పుడు, ఒక మనిషి అతని ముఖాన్ని కుడికి తోసింది. ఏ కప్పో తెలియదు. అందుకని అన్ని కప్పులూ అతనికి ఒక్కసారిగా తెలిసిన ఇళ్లలా కనిపించాయి. అన్నం డబ్బా మీద కాకి వాలినా తోలలేదు.

ఇద్దరికీ టైపు చేయడం సరిగా రాదు. గొంతులే పంపుకునేవారు. తెల్లవారి ఐదున్నరకు ఆమె మాట వచ్చేది. వెనక కుక్కర్ కూతలు, నీళ్ల పంపు. కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పత్తికొండ వైపు నుంచి వచ్చి రెండేళ్లు. భర్త పోయి ఎనిమిదేళ్లు. ఊరంతా చూశారా అని సత్తయ్య అడిగితే, "యాడ చూసేది సారూ? వంటిల్లు చూసినా, హాస్టల్ వెనకాల బజారు చూసినా. ఆదివారమైతే కూరగాయలకు నేనే పోతా. అదే నా హైదరాబాదు" అంది.

ఇంకోరోజు అంది. "నూటా నలభై మంది పిల్లోళ్లకు వండిపెడతా. ఉప్పెక్కువైతే చెప్తారు, కారం తక్కువైతే చెప్తారు. నువ్వు తిన్నావా అని అడిగినోళ్లు ల్యారు."

ఆ మాట సత్తయ్య మెట్రోలో, అమీర్‌పేట దగ్గర రైలు మారుతూ విన్నాడు. మెట్ల మీదే నిలబడిపోయాడు. వెనకవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఇరవై ఏళ్లలో ఎవర్నీ అడగని మాట అడిగాడు.

"తిన్నరా?"

అంతే. మర్నాడూ అదే అడిగాడు. ఆ మర్నాడూ. రోజూ ఆమె ఏం తిన్నదో చెప్పేది. ఉప్పిండి, సద్దన్నం, మిగిలిన పూరీ. సత్తయ్యకు అవి ఏ వార్తల కంటే ముఖ్యమైపోయాయి. శ్రావణి కనిపెట్టింది. "ఏంటండి, ఈ మధ్య తిట్లు తగ్గాయి? ఒంట్లో బాగుండటం లేదా?" అని ఎగతాళి చేసింది.

ఫోన్ నంబరు మాత్రం ఆమె ఇవ్వలేదు. "ముఖం చూసినాక ఇస్తా సారూ. ఏమనుకోవద్దు" అంది. అనుకోలేదు. నెల తిరిగాక, ఒక శుక్రవారం పొద్దున ఆ మాట వచ్చింది.

"సారూ, ఈ ఆదివారం పదిగంటలకు వస్తారా? ఎర్రగడ్డ అంగడికాడ ఉంటా. ఆకుపచ్చ చీర కట్టుకోనొస్తా."

సత్తయ్య ఆ మాట మూడుసార్లు విన్నాడు. ఎర్రగడ్డ! మూసాపేట నుంచి రెండు స్టేషన్లు. ఆదివారం పూట అక్కడ రోడ్డు పక్కన పాత సామాన్ల అంగడి కూడుతుంది. తన ఇల్లు మూసాపేటలో అని ఎప్పుడో చెప్పాడు. అది గుర్తుపెట్టుకుని, తనకు దగ్గరవుతుందని అంత దూరం వస్తానంటోంది! ఒక మనిషి తన మోకాళ్ల గురించి ఆలోచించింది.

శ్రావణికి చెప్తే పగలబడి నవ్వింది. "ఎర్రగడ్డకా! మిమ్మల్ని సరిగ్గానే అంచనా వేసిందండి. అక్కడ పెద్ద దవాఖానే ఉంది మీకు."

పిచ్చోళ్ల దవాఖాన ఆ పక్కనే. ఈ ఊళ్లో ఎవరినైనా ఎర్రగడ్డకు పొమ్మంటే అర్థం అదే. సత్తయ్య కూడా నవ్వాడు. నవ్వాడు గానీ, ఆ మాట ముల్లులా లోపల దిగి ఉండిపోయింది.

ఆదివారం పదికి పది నిమిషాలు ముందే ఎర్రగడ్డ మెట్రో కింద నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. పాత ఫ్యాన్లు, టీవీ రిమోట్లు, ఒంటి బూట్లు, ఇనుప సామాన్లు రోడ్డు పొడుగునా పరిచారు. జనం తొక్కుకుంటున్నారు. పదికి ఆమె గొంతు వచ్చింది.

"వచ్చినా సారూ."

"నేను గుడ ఒచ్చిన. యాడున్నరు?"

"అంగడి ముందరే ఉండా. జనం బాగుండారు."

లొకేషన్ పంపమని అడగడం అతనికి తోచలేదు. ఎర్రగడ్డ తెలియనివాడికి కదా లొకేషన్. అంగడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మళ్లీ వచ్చాడు. ఆకుపచ్చ చీరలు పదకొండు లెక్కపెట్టాడు. పదకొండుమంది మణికట్ల వైపూ చూశాడు. ఒకావిడ గాజులు వెనక్కి లాక్కుని, "ఏందయ్యా?" అని గద్దించింది.

"యాడ సారూ? అంగడి ముందరే నిలబడుండా."

"నేను గుడ అంగట్లనే ఉన్న."

పదకొండయింది. పదకొండున్నర. ఎండకు ఇస్త్రీ కరిగి చొక్కా వీపుకు అంటుకుంది. అప్పుడు లోపలి ముల్లు కదిలింది. ఆమె ముఖం తనకు తెలియదు. తన ముఖం ఆమెకు తెలుసు. వచ్చింది. దూరం నుంచి చూసింది. ఈ బట్టతల, ఈ మోకాళ్లు, ఈ నడక చూసింది. చూసి, ఎడమకు తోసింది. ఇప్పుడు ఏ ఫ్యాన్ల కుప్ప వెనకో నిలబడి, ఎదురుగా ఉన్నానని చెబుతూ నవ్వుకుంటోంది.

ఫోన్ నోటికి ఆనించాడు. నెల రోజులుగా 'మీరు' అన్న నోరు 'నువ్వు'కు దిగింది. మనుషులు దగ్గరై అలా దిగుతారు. ఇతను దూరమై దిగాడు.

"ఎర్రగడ్డకు రమ్మంటివి. మెట్రో కింద ఎండల రెండు గంటలు నిలబెట్టినవ్. పిచ్చోనికి పిచ్చి దవాఖాన పక్కనే జాగ సూపెట్టినవ్. మంచిగున్నది. బాగ నవ్వుకో."

పది నిమిషాలు చూశాడు. జవాబు లేదు. పద్ధతి ప్రకారం, ఆమె లేచేలోపు తాను లేచాడు. పేరు మీద వేలు పెట్టి నొక్కాడు. తీసేయమంటారా అని ఫోన్ అడిగింది. తీసేయమన్నాడు. నెల రోజుల కుక్కర్ కూతలు, ఉప్పిండి, పూరీలు, గరిటె పట్టిన చెయ్యి, అన్నీ ఒక్క వేలితో పోయాయి. తెర తెల్లగా ఉంది. బాగా తుడిచిన అద్దంలా.

సోమవారం మధ్యాహ్నం కింది క్యాంటీన్లో తినడానికి కూర్చున్నాడు. వంటమనిషి తిమ్మప్ప కొత్తగా వచ్చినవాడు. గుంతకల్లు మనిషి. సత్తయ్య నోట్లో ముద్ద పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"ఏంది తిమ్మప్పా, గీ సాంబారు? చెయ్యి గడిగిన నీళ్ల లెక్కనే ఉన్నది."

"నన్నేం జెయ్యమంటావప్పా? ఎర్రగడ్డ అంగడోడు పొద్దున రాల్యా."

సత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఏమన్నవ్?"

"అంగడోడు రాల్యా అన్న్యా."

"ఎర్రగడ్డకెంచి గచ్చిబౌలికి ఎందుకొస్తడు వాడు?"

"వాడు లింగంపల్లి నుంచి వస్తాడప్పా."

"మరి ఎర్రగడ్డ అంగడంటివి?"

"అవును, ఎర్రగడ్డ అంగడే. ఏం, మీ ఊర్లో అంగళ్లు ల్యావా?"

"అంగడంటే వారానికొకపారి అయితది గద!"

"వారానికొకసారి తెరిస్తే అంగడోడు ఏం తిని బతకాలప్పా? అంగడంటే దుకాణం." తిమ్మప్ప జాలిగా చూశాడు. గంపలో అడుగున మిగిలిన ఒకే ఒక్క ఉల్లిగడ్డను తీసి, చిన్నపిల్లాడికి చూపించినట్టు అతని ముఖం ముందు పెట్టాడు. "ఇది ఎర్రగడ్డ. మీరేమంటారో నాకు తెలీదు. మా తట్టు దీన్ని ఎర్రగడ్డ అంటారు."

సత్తయ్య ఆ గడ్డను చేతిలోకి తీసుకున్నాడు. ఎర్రగా ఉంది. గడ్డే. ఇన్నేళ్లూ తింటున్న గడ్డ. ఆమె తనను ఏ ఊరికీ రమ్మనలేదు. ఉల్లిగడ్డల దుకాణం దగ్గరికి రమ్మంది, తన బజారులో. అంగడి ముందరే ఉండానని అన్నప్పుడల్లా, నిజంగా అంగడి ముందరే ఉంది.

తినకుండా లేచి శ్రావణి దగ్గరికి పరిగెత్తాడు. అంతా విని ఆవిడ నవ్వలేదు. ఫోన్ తీసుకుని చాలాసేపు వెతికింది. "తీసేస్తే తీసేసినట్టేనండి, సత్తయ్యగారూ. ఇక ఫోనే ఆవిడ్ని మళ్లీ చూపిస్తే చూపించినట్టు. నంబరైనా తీసుకోలేదా?"

"లే."

"హాస్టల్ పేరు?"

"అడగలే. తిన్నరా అనే అడిగిన."

కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టళ్లు వీధికి పది. ఆ వారమంతా అతను రోజూ రాత్రి ముఖాలు తోస్తూ కూర్చున్నాడు. ఆమె చెయ్యి మళ్లీ కనిపిస్తుందేమోనని. కనిపించలేదు. కనిపించినవి వేరు. భర్త పోయిన బ్యాంకు ఉద్యోగి. 'మాట్లాడే మనిషైతే చాలు' అని రాసుకున్న టీచరు. ఫొటోకి నవ్వబోయి నవ్వలేకపోయిన నర్సు. ఒకటి తోస్తే వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, తరగడం లేదు. ఇన్నాళ్లూ అద్దం లోపలివాళ్లంతా చల్లగా, సుఖంగా ఉన్నారని వాళ్ల మీద కోపం పెట్టుకున్నాడు. ఇప్పుడు చూస్తే, ఈ ఊళ్లో వెలిగే ప్రతి కిటికీ వెనకా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని, తిన్నావా అని అడిగే మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఆ అద్దాలన్నీ తుడిచింది తానే. లోపల ఇది ఉందని ఎన్నడూ చూడలేదు. ఇన్ని లక్షల మందిలో ఒక చెయ్యి తన వైపు చాచడం ఎంత వింతో, ఆ చెయ్యి పోయాక గానీ అతనికి తెలియలేదు.

తర్వాతి ఆదివారం, ఆమె కూరగాయలకు వచ్చే రోజు, ఎనిమిదింటికే కొండాపూర్ బజారుకు చేరాడు. హాస్టళ్ల వెనక సందులో టార్పాలిన్ పందిళ్లు. టమాటాలు, ఆకుకూరలు, నిమ్మకాయలు దాటి చివరికి వెళ్లాడు. అక్కడ ఉల్లిగడ్డ దుకాణం ఒక్కటే. దాని ముందు నిలబడి ఊపిరి పీల్చడం మరచిపోయాడు. నడుమెత్తు రాశి. పొద్దుటి ఎండ పందిరి సందుల్లోంచి పడి, గడ్డ గడ్డా లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా మెరుస్తోంది. వేలల్లో ఉన్నాయి. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు ఎర్రగడ్డ అంగడి అని?

రాశి వెనక కూర్చున్నావిడ పేరు రత్నమ్మ. చేవెళ్ల మనిషి. పొట్టు దులుపుతూ కళ్లెత్తింది.

"ఎన్ని కిలోలు గావాలె?"

"ఉల్లిగడ్డ గాదక్కా. పోయిన ఆదివారం ఈడ ఒకామె... ఆకుపచ్చ చీర..."

రత్నమ్మ చెయ్యి ఆగింది. అతన్ని చెప్పుల నుంచి బట్టతల దాకా ఎగాదిగా చూసింది.

"నువ్వేనా గా మెట్రో కింద నిలబడ్డాయన?"

"నేనే."

"అయ్యో నీ పాడుగాను! పదింటి సంది ఆమెను గీ రాళ్ల మీద నిలబెడితివి కదయ్యా! కూసో బిడ్డా అని నేనే గోనె సంచి ఏసిన. కూసున్నది గని చేతులు ఊకుంటయా? నా ఉల్లిగడ్డంత ఏరింది. మెత్తటివి ఒకదిక్కు, గట్టియి ఒకదిక్కు. గడియకోపారి లేసి సందు దిక్కు జూసుడు, ముఖం తుడుసుకునుడు. గప్పుడు నీ మాటలు అచ్చినయి."

"విన్నదా?"

"ఇన్నది. ముఖం ఇంతైపోయింది. మల్ల ఇన్నది. అక్కా, ఈ ఊళ్లె ఎర్రగడ్డ అనే ఊరుందా అని అడిగింది. ఉన్నది గద, పిచ్చి దవాఖాన కాడ అన్న. ఇగ సూడు, కండ్లల్ల నీళ్లు, నోట్ల నవ్వు. జవాబు చెప్దామని ఫోన్ తీసేటాళ్లకు అండ్ల నువ్వు లేవు. ఒంటిగంట దాక గట్లనే ఒత్తుకుంట కూసున్నది."

సత్తయ్య చూపు రాశి పక్కన పరిచిన గోనె సంచి మీద పడింది. మామూలు సంచి. మధ్యలో కొంచెం నలిగి ఉంది. పదింటి నుంచి ఒంటిగంట దాకా. మూడు గంటలు. అతని జీవితంలో ఎవరూ అతని కోసం మూడు నిమిషాలు ఆగింది లేదు. అతను ఎవర్నీ ఆగనిచ్చిందీ లేదు.

"ఈ దినం ఒస్తదా అక్కా?"

"ఈ దినమా? పొద్దుగాల ఏడింటికే అచ్చి ఉల్లిగడ్డ కొన్నది. మూట గీడనే పెట్టింది. ఎర్రగడ్డకు ఎట్ల పోవాలె అని అడిగి, మెట్రో ఎక్క పోయింది."

తాను ఈ ఎర్రగడ్డ దగ్గర. ఆమె ఆ ఎర్రగడ్డ దగ్గర. ఈ పాటికి మెట్రో కింద, ఫ్యాన్ల మధ్య, తనలాగే ముఖాలు వెతుకుతూ ఉంటుంది. వెనక్కి తిరిగి నాలుగు అడుగులు పరిగెత్తాడు.

"ఓయ్! యాడికి?"

"ఎర్రగడ్డకు!"

"నువ్వు ఆడికి పోయేటాళ్లకు ఆమె ఈడికొస్తది. మల్ల ఆమె ఆడికి, నువ్వు ఈడికి. గిదేనా మీ పని? ఒక్కరన్న ఒక్క కాడ ఉండరాదయ్యా! ఆమె మూట గీడున్నది. మూట కోసమన్న రావాలె గద. కూసో."

సత్తయ్య సందు మధ్యలో ఆగాడు. కాళ్లు పొమ్మంటున్నాయి. పద్నాలుగేళ్లుగా అవి అంతే, ఉండమని ఒక్కసారీ అనలేదు. రాకపోతే? ఎండలో నిలబడి, తనలాగే మనసు విరిగి, మూట కోసం వేరెవరినో పంపిస్తే? తెలిసే దారి లేదు. ఉండి చూడటమొక్కటే ఉంది. అతనికి ఎన్నడూ చేతకాని పని అదే.

తిరిగి వచ్చి ఆ గోనె సంచి మీద, ఆమె కూర్చున్న చోట కూర్చున్నాడు.

తొమ్మిదయింది. పదయింది. చేతులు ఊరుకోలేదు. ఒక గడ్డ తీసుకున్నాడు, నొక్కి చూశాడు, పొట్టు దులిపాడు. గట్టిది ఇటు, మెత్తది అటు. ఆకుపచ్చ చీర కనిపించినప్పుడల్లా లేచి సందు వైపు చూశాడు. కూర్చున్నాడు. పదకొండయింది. "నీకన్న ఆమెనే మంచిగ ఏరింది" అని రత్నమ్మ సణిగింది. అతను ఇంకో గడ్డ తీసుకున్నాడు. భయమేసింది, అయినా లేవలేదు. ఒక మనిషి కోసం కూర్చోవడం ఇలా ఉంటుందన్నమాట. ప్రతి అడుగుల చప్పుడుకూ లోకం ఒకసారి ఆగి మళ్లీ నడుస్తోంది.

పన్నెండు దాటాక రాశి అవతలి వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. నెల రోజులు తెల్లవారుజామున విన్న గొంతు. కుక్కర్ కూత లేకుండా వినడం ఇదే మొదలు.

"అక్కా, నా మూట ఇయ్యి. ఆ ఎర్రగడ్డలో ఒక్క ఎర్రగడ్డ కూడా ల్యాక్కా. అన్నీ పాత చెప్పులు, ఫ్యాన్ రెక్కలు."

రత్నమ్మ సత్తయ్య వైపు చూడకుండా నోరు బిగబట్టుకుంది. "మరి గింతసేపు ఏం జేసినవ్ ఆడ?"

"నిలబడినా. రెండు గంటలు నిలబడినా అని చెప్పె గదా ఆయప్ప. అంతసేపు నేనూ నిలబడాలనుకున్నా. అబ్బా, ఏం ఎండక్కా! కోపం రాక ఏమొస్తాది మనిషికి."

సత్తయ్య లేవబోయాడు. మోకాళ్లు సహకరించలేదు. ఒళ్లంతా ఉల్లిపొట్టు. నెల రోజులుగా ఎన్నో మాటలు దాచుకున్నాడు. అవేవీ రాలేదు.

"రెండు గంటలు గాదు," అన్నాడు రాశి వెనక నుంచి. "గంటా యాభై నిమిషాలే. కోపంల ఎక్కువ జెప్పిన."

రాశి పక్క నుంచి ఒక ముఖం తొంగిచూసింది. ఎండకు కమిలి, చెమట కారుతూ, రెండు కనుబొమ్మల మధ్య చెదిరిన బొట్టుతో ఉన్న ముఖం. అతను మొదట ముఖం చూడలేదు. మణికట్టు చూశాడు. చింతగింజంత మచ్చ. అప్పుడు తలెత్తి ముఖం చూశాడు. అద్దం లేదు మధ్యలో. ఆమె అతన్నే చూస్తోంది.

"సత్య గారా?"

"సత్తయ్య."

"ఫొటోలో ఇంకా పొడుగ్గా ఉండారే."

"కిందికెంచి తీసింది శ్రావణమ్మ."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగదని రాసుకున్యారు గదా. అందుకే ఈ అంగడి చెప్పినా. వేరే యాడైనా తప్పిపోతారేమోనని."

సత్తయ్య చేతిలోని గడ్డను జాగ్రత్తగా గట్టివాటి వైపు పెట్టాడు. పొట్టు దులుపుకున్నాడు.

"తప్పయింది. నువ్వు అని గుడ అన్న."

"అనండి. ఈసారి కోపం లేకుండా అనండి."

"తిన్న..." అని ఆగి, "తిన్నవా?" అన్నాడు.

"ల్యా. పొద్దున నుంచీ ల్యా. హాస్టల్లో ఈ పూట వంటకు రెండో ఆమె ఉండాది. ఆ మూల మీద ఇడ్లీలు బాగుంటాయి, ఆ కొట్టు పేరు..."

సత్తయ్య రెండు చేతులూ ఎత్తాడు.

"పేరు జెప్పకు! నీకు దండం బెడత, పేరు జెప్పకు. ముంగట నువ్వు నడువు. ఎనుక నేనొస్త."

రత్నమ్మ పగలబడి నవ్వింది. అతను ఉల్లిగడ్డల మూట భుజానికెత్తుకుని, ముందు పోతున్న ఆకుపచ్చ చీర జనంలో తప్పిపోకుండా చూసుకుంటూ, ఆమె వెనకే నడిచాడు.